మడత చాకు కొనేటప్పుడు చివరి సెంటీమీటరు చూడండి

పైపులు అతికించే సొల్యూషన్ డబ్బా మూత తీయడానికి స్క్రూడ్రైవర్ కావాలి. స్క్రూడ్రైవర్ బండి డిక్కీలో ఉంటుంది, బండి గట్టు అవతల ఉంటుంది, చాకు మాత్రం జేబులోనే ఉంటుంది. నార్పల వైపు ఒక చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్ పని చేస్తూ ఆ రోజు నేను చేసింది అందరూ చేసేదే. మూత అంచు కింద చాకు మొన దూర్చి పైకి లేపాను. టిక్‌మంది. మూత లేచింది గానీ మూడు మిల్లీమీటర్ల మొన ముక్క డబ్బా గాడిలోనే ఉండిపోయింది. ఆ చాకు కొని నెల కూడా కాలేదు. ‘డీ2 స్టీలు, సూపర్ హార్డ్’ అని ఆన్‌లైన్‌లో చూసి మురిసిపోయి తెప్పించుకున్నది. తోట ఆయన పక్కనే కూర్చుని ఆకు వక్క నములుతూ, “ఏమప్పా, ఇన్ని దుడ్లు పోసి కొంటివి, డబ్బా మూతకే పాయెనే!” అన్నాడు. ఆయన జేబులో ఎప్పటిదో పాత చాకు ఉంది. అంచు అరిగి అరిగి సన్నబడింది గానీ మొన చెక్కుచెదరలేదు.

తప్పు నాదే. చాకుతో మూతలు ఎత్తకూడదు. కానీ పొలంలో తిరిగేవాడు ఏదో ఒక రోజు ఎత్తుతాడు. అందుకే ఆ తర్వాత చాకు చూసినప్పుడల్లా నా చూపు ముందు మొన మీదికే పోతుంది. అనంతపురం చుట్టుపక్కల పని చేస్తూ, నాలుగైదు చాకులు మార్చి తెలుసుకున్నది వరసగా రాస్తున్నాను.

ముందుగా, మొన ఎందుకు విరుగుతుంది?

కోసేటప్పుడు బలం అలుగు (బ్లేడు) వెడల్పు మీద పడుతుంది. ఆ దిశలో ఎంత సన్నని చాకైనా తట్టుకుంటుంది. మొనను లోపలికి గుచ్చి పక్కకు మెలిపెట్టినప్పుడు, లేదా కింద పెట్టి ఎత్తినప్పుడు, బలమంతా మందం మీద పడుతుంది. ఇక్కడ లెక్క మనం అనుకున్నట్టు ఉండదు. మందం సగానికి తగ్గితే పక్కకు తట్టుకునే బలం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. మూడో వంతుకు తగ్గితే బలం తొమ్మిదో వంతు.

ప్యాకెట్ మీద ‘3 మి.మీ. బ్లేడ్’ అని రాసి ఉంటుంది. అది పిడి దగ్గర వెన్ను (కోయని వైపు) మందం. అదే చాకు మొన దగ్గరికి వచ్చేసరికి అర మిల్లీమీటరు ఉండొచ్చు, ఒక మిల్లీమీటరు ఉండొచ్చు. రెండింటికీ బలంలో నాలుగు రెట్ల తేడా. ఆ కొలత ప్యాకెట్ మీద ఎవరూ రాయరు, మనమే చూసుకోవాలి.

రెండో కారణం చేయి జారడం. మన ఇళ్లలో సగం నేలలు కడప బండలే. చాకు మొన కిందికి తిరిగి బండ మీద పడితే స్టీలు గట్టిదైతే చిట్లుతుంది, మెత్తనిదైతే కొక్కెంలా వంగుతుంది.

1. మీ చేయి చేసే పని ఏమిటో చూసుకోండి

చాకు కొనే ముందు ఒక వారం రోజులు గమనించండి. దేనికి వాడుతున్నారు, అందులో మొనతో చేసేది ఎంత? నా సంగతి చెబుతాను. ఎరువు సంచి కుట్టు తెంపడం, 16 ఎం.ఎం. లేటరల్ (సన్న డ్రిప్ పైపు) కోయడం, సుతిలి, కేబుల్ టై తెంపడం, బోరు నీళ్ల సున్నం పేరుకుపోయిన డ్రిప్పర్ నోరు గీకడం, చీనీ చెట్టుకు బంక తెగులు వస్తే బెరడు గీకడం. ఈ పనుల్లో మొన మీద నిజంగా భారం పడేవి చివరి రెండే. మూత ఎత్తడం, మేకు పీకడం, స్క్రూ తిప్పడం ఈ జాబితాలో ఉండకూడదు. మీ జాబితాలో అవే ఎక్కువగా ఉంటే మీకు కావాల్సింది చాకు కాదు, మల్టీటూల్. స్విస్ చాకుల్లో బాటిల్ ఓపెనర్ చివర చదునైన స్క్రూడ్రైవర్ ఇచ్చేది ఇలాంటి పనులకే.

పార్సిళ్లు విప్పడం, మామిడికాయ చెక్కడం తప్ప వేరే పని లేనివాళ్లకు మందం మొన అక్కర్లేదు. సన్నని మొనే హాయిగా ఉంటుంది. ఇక రంగపూర్ నిమ్మ మొక్క మీద చీనీ కన్ను అంటు కట్టేవాళ్లు ఈ మొత్తం వ్యాసాన్ని పక్కన పెట్టేయవచ్చు. అంటు చాకు వేరే జాతి. దాని అంచు బ్లేడులా ఉండాలి, దాన్ని సుతిలి తెంపడానికి కూడా తీయకూడదు. నర్సరీల్లో పని చేసేవాళ్లు అంటు చాకును పక్కవాడి చేతికి కూడా ఇవ్వరు, వాళ్లది న్యాయమే.

2. ఆకారం

మొన బలంలో సగం ఆకారంలోనే తేలిపోతుంది. పేర్లు ఇంగ్లీషువే గానీ చూస్తే ఇట్టే గుర్తుపట్టవచ్చు.

క్లిప్ పాయింట్‌లో వెన్ను చివర లోపలికి తవ్వినట్టు ఉంటుంది. సినిమాల్లో విలన్ చేతిలో మెరిసే చాకులు చాలావరకు ఇవే. గుచ్చడానికి బ్రహ్మాండంగా ఉంటాయి, మొన దగ్గర మాత్రం ఉక్కు మిగలదు. నా డబ్బా మూత చాకు ఈ రకమే. పైగా దానికి అందం కోసం వెన్ను వైపు కూడా చెక్కి రెండో అంచులా చేశారు. అంటే ఉన్న కాస్త మందాన్ని కూడా తీసేశారు. అలా వెన్ను మీద చెక్కుడు ఉన్న చాకు కనిపిస్తే పక్కన పెట్టేయండి.

డ్రాప్ పాయింట్‌లో వెన్ను మెల్లగా కిందికి వాలి మొనతో కలుస్తుంది. వెన్ను మందం దాదాపు చివరిదాకా వస్తుంది, అంచు కింద కొంచెం పొట్టలా వంపు ఉంటుంది. ఆ వంపు బెరడు గీకడానికి, పండు చెక్కడానికి పనికొస్తుంది. ఒకే చాకు కొనేవాళ్లకు నా ఓటు దీనికే.

టాంటో మొన చివర పలకగా, ఉలి మూల తెగినట్టు ఉంటుంది. మందం మొనదాకా వస్తుంది కాబట్టి బలంలో దీన్ని మించినది లేదు. కానీ పొట్ట వంపు లేదు, బెరడు గీకితే మూల గుచ్చుకుంటుంది, సాన పట్టేటప్పుడు రెండు అంచులను విడివిడిగా పట్టాలి. నేను ఒకటి కొని ఆరు నెలలు తిప్పలు పడి తమ్ముడికి ఇచ్చేశాను. వాడు గోడౌన్‌లో పని చేస్తాడు, అట్టపెట్టెలకు అది వాడికి నచ్చింది.

షీప్స్‌ఫుట్‌లో అంచు తిన్నగా ఉంటుంది, వెన్ను చివర గుండ్రంగా కిందికి దిగుతుంది. గుచ్చే మొన లేనట్టే, కాబట్టి విరిగేదీ లేదు. డ్రిప్ పైపుల మధ్య పని చేసేవాళ్లకు ఇది ఎంత మంచిదో అనుభవిస్తే గానీ తెలియదు. ఒక లేటరల్ కోస్తూ పక్క లేటరల్‌కు చిల్లు పెట్టే బాధ ఉండదు. ఇంట్లో చిన్నపిల్లలు ఉన్నా ఇదే మేలు.

3. మందం: ఏటీఎం కార్డు పరీక్ష

అంగట్లో వెర్నియర్ కాలిపర్స్ తీస్తే అందరూ మనల్నే చూస్తారు. దానికి బదులు జేబులో ఏటీఎం కార్డు ఉంటుంది. బ్యాంకు కార్డు మందం ప్రపంచమంతా ఒకటే, 0.76 మి.మీ. చాకు తెరిచి, అంచు అవతలి వైపు ఉండేలా, వెన్ను మీకు కనిపించేలా పట్టుకోండి. మొన నుంచి సుమారు అర సెంటీమీటరు వెనక్కి వచ్చి, అక్కడ వెన్ను పక్కన కార్డు అంచును ఆనించి చూడండి. వెన్ను కార్డు కంటే మందంగా కనిపిస్తే పొలం పనికి తట్టుకుంటుంది. కార్డుకు సమానమైతే జాగ్రత్తగా వాడుకోవచ్చు. కార్డు కంటే సన్నగా ఉంటే అది పండ్ల చాకు. ఇది ప్రయోగశాల లెక్క కాదు, నేను వాడి చూసిన కొండగుర్తు.

అనంతపురం పాతూరులో ఒక హార్డ్‌వేర్ షాపులో నేను ఇలా చూస్తుంటే కుర్రాడు నవ్వాడు. “పదునుంటే సాలు కదన్నా, కార్డు పెట్టి ఏం జూస్తాండావు?” అన్నాడు. వాడి గల్లాలోంచే మూడు చాకులు తీయించి పక్కపక్కన పెట్టాను. పిడి దగ్గర మూడూ ఒకే మందం. వెన్ను మీదుగా చూస్తే ఒకటి చివరిదాకా నాగలి కర్రులా వచ్చింది, ఇంకొకటి సగం నుంచే సన్నబడింది, మూడోది చీపురుపుల్లలా ముగిసింది. కుర్రాడు ఆ మూడోది తీసి గల్లాలో వెనక్కి నెట్టేశాడు. అమ్మకుండా మాత్రం ఉండడులెండి.

పక్కల చెక్కుడు కూడా చూడండి. కొన్ని చాకుల పక్కలు దొప్పలా లోపలికి తవ్వి ఉంటాయి, దాన్ని హాలో గ్రైండ్ అంటారు. పదును బాగా వస్తుంది గానీ తవ్వకం మొనదాకా సాగితే అక్కడ బలం పోతుంది. వెన్ను నుంచి అంచుదాకా పక్కలు చదునుగా దిగేది ఫ్లాట్ గ్రైండ్, రోజువారీ వాడకానికి ఇది సరిపోతుంది. పైసగం చెక్కకుండా వదిలేసి, కింది సగమే చెక్కినది సేబర్ గ్రైండ్. మొన బలానికి అది మంచిది, కానీ కాయ కోస్తే చీలుస్తున్నట్టు ఉంటుంది.

4. స్టీలు

ఇక్కడే ఎక్కువమంది మోసపోతారు, నేను కూడా. స్టీలు గట్టిగా ఉండటం వేరు, దెబ్బకు తట్టుకోవడం వేరు. బుడ్డల (వేరుశనగ) ఉండలు చేసేటప్పుడు పాకం చూస్తాం కదా. ముదురు పాకం గట్టిగా ఉంటుంది, పంటి కింద టక్కున విరుగుతుంది. కొంచెం లేత పాకమైతే వంగుతుంది గానీ విరగదు. ఉక్కు కూడా అంతే.

గట్టిదనాన్ని రాక్‌వెల్ సీ అనే కొలతలో చెబుతారు, ప్యాకెట్ మీద హెచ్‌ఆర్‌సీ అని ఉంటుంది. జేబు చాకులు మామూలుగా 55 నుంచి 61 మధ్య ఉంటాయి. విక్టోరినాక్స్ వాళ్ల చాకుల బ్లేడు 56 దగ్గర ఉంటుంది. ‘ఇంత తక్కువా?’ అని ఆన్‌లైన్‌లో ఎగతాళి చేసేవాళ్లు ఉన్నారు. కానీ ఆ మెత్తదనం వల్లే వాటి మొన విరగడం కంటే వంగడం ఎక్కువ. వంగిన మొనను మెల్లగా సరిచేసి రాయి మీద రుద్దుకోవచ్చు, విరిగినదాన్ని కొత్తగా చెక్కాలి.

డీ2 నిజానికి ఫ్యాక్టరీ డైలకు, అంటే అచ్చులకు, తయారైన స్టీలు. సుమారు ఒకటిన్నర శాతం కార్బన్, 12 శాతం క్రోమియం ఉంటాయి. లోపల పెద్ద పెద్ద గట్టి కణాలు ఏర్పడతాయి. వాటివల్లే పదును చాలాకాలం నిలుస్తుంది, పక్క బలం పడినప్పుడు పగులు మొదలయ్యేదీ వాటి దగ్గరే. కేవలం కోతకే వాడేవాడికి డీ2 మంచి స్టీలే. నాలాంటి చేతికి కాదు.

మొన కోసం చూసేవాళ్లకు 14సీ28ఎన్, 12సీ27 లాంటి స్వీడన్ స్టీళ్లు బాగుంటాయి. కార్బన్ 0.6 శాతం దగ్గరే ఉంటుంది, లోపలి కణాలు సన్నగా ఉంటాయి, తుప్పుకూ ఆగుతాయి. చైనా చాకుల్లో ఎక్కువగా కనిపించే 8సీఆర్13ఎంఓవీ మధ్యరకం, ధరకు తగిన పని చేస్తుంది. 420 రకం మెత్తన, తరచూ సాన అడుగుతుంది, మొన మాత్రం అంత తేలిగ్గా చిట్లదు. ఇక ప్యాకెట్ మీద వట్టి ‘స్టెయిన్‌లెస్’ అనో ‘జర్మన్ టెక్నాలజీ’ అనో రాస్తే స్టీలు ఏమిటో చెప్పలేదని అర్థం. ఎంత మంచి పేరున్న స్టీలైనా కాల్చి నీళ్లు పెట్టడం సరిగా జరగకపోతే మొన దక్కదు. కమ్మరి కొలిమికి తెలిసిన ఈ సంగతి ప్యాకెట్ మీద రాయరు. అందుకే కొత్త పేరున్న స్టీలు కంటే, మామూలు స్టీలును సరిగ్గా కాల్చే కంపెనీ వైపే నేను మొగ్గుతాను.

తోటల వాళ్లకు ఇంకో సంగతి. మామూలు పొటాష్ ఎరువులో (ఎంఓపీ) క్లోరైడ్ ఉంటుంది. అది తడితో కలిస్తే స్టెయిన్‌లెస్‌కు కూడా సూదిమొనంత గుంటలు పెడుతుంది. బెరడు గీకిన చోట పూసే బోర్డో పేస్టులో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) ఉంటుంది, మామూలు ఇనుము మీద అది ఎర్రగా రాగి పూత వదిలేసి కింద ఉక్కును తింటుంది. గుంటపడిన సన్నని మొన విరగడానికి సగం దారి నడిచినట్టే. బెరడు గీకిన చాకును పేస్టు డబ్బాలో ముంచకండి. పని అయ్యాక నీళ్లతో కడిగి తుడిచి, చుక్క కొబ్బరినూనె రాయండి.

5. తాళం, మూసినప్పుడు మొన ఉండే చోటు

మొనతో గుచ్చేటప్పుడు చాకు మడతపడితే పోయేది వేళ్లే. అందుకే మొనతో పని ఉన్నవాళ్లకు తాళం తప్పనిసరి. లోపల రేకు పక్కకు జరిగి అడ్డుపడే లైనర్ లాక్, వెన్ను వైపు నొక్కితే విడిపోయే బ్యాక్ లాక్ ఎక్కువగా దొరుకుతాయి. ఫ్రాన్స్ వాళ్ల ఓపినెల్ చాకులకు మెడ దగ్గర తిప్పే ఉంగరం ఉంటుంది. 1955 నుంచి అదే ఏర్పాటు, మట్టి పడినా దులిపి తిప్పితే పని చేస్తుంది. ఓపినెల్ అలుగు సన్నన, కోత అద్భుతం, మొనతో మొరటుతనం మాత్రం పనికిరాదు.

తెరిచి, తాళం పడ్డాక, అలుగును పట్టుకుని పైకీ కిందికీ, పక్కలకూ కదిపి చూడండి. కొంచెం ఊగినా వద్దు. తర్వాత మూసి, పిడి అంచు మీదుగా వేలు మెల్లగా పోనివ్వండి. మొన పూర్తిగా పిడి లోపలికి దిగిపోయి ఉండాలి. బయటికి తగిలితే జేబు చిరుగుతుంది, తాళంచెవులకు తగిలి మొన కూడా చెడుతుంది. మూసేటప్పుడు చివర్లో ‘టక్’మని లోపల ఇనుముకు కొట్టుకుంటే అదీ లోపమే. రోజుకు పదిసార్లు మూస్తే పదిసార్లు దెబ్బే.

6. పొడవు, పోలీసులు

7 నుంచి 8 సెంటీమీటర్ల అలుగు అన్ని పనులకూ చాలు. 1959 ఆయుధాల చట్టం కింద ఉన్న నియమాల్లో అలుగు 9 అంగుళాల పొడవు గానీ 2 అంగుళాల వెడల్పు గానీ దాటిన కత్తులు ఆయుధాల కిందికి వస్తాయి, ఇంటి పనికీ వ్యవసాయానికీ చేసినవి మినహాయింపు. అలాగని చిన్నదైతే ఎక్కడైనా తిప్పవచ్చని కాదు. బటన్ నొక్కితే ఎగిరి తెరుచుకునేవి కొనకండి. ఢిల్లీలో వాటి మీద ప్రత్యేక నోటిఫికేషనే ఉంది. మన సీమలో అయితే చట్టం సంగతి తర్వాత, చెక్‌పోస్ట్ దగ్గర జేబులోంచి అలాంటిది బయటపడితే మన ముఖం చూసే తీరే మారిపోతుంది. ఎన్నికలప్పుడు, గొడవలప్పుడు నిషేధాజ్ఞలు ఉంటాయి. వెనకటి 144 సెక్షన్, 2024 జూలై నుంచి కొత్త నేర ప్రక్రియ చట్టం బీఎన్‌ఎస్‌ఎస్‌లో 163వ సెక్షన్. ఆ రోజుల్లో చాకు తోటలోనే వదిలి టౌన్‌కు రండి. తిరుమల వెళ్లేవాళ్లు అలిపిరి తనిఖీ గుర్తుపెట్టుకోండి. విమానంలో చేతి సంచిలో పెట్టుకోకూడదు, లగేజీలో వేయాలి.

7. కొన్నాక మొదటి రోజు

చాకును ట్యూబ్‌లైట్ కిందికి తెచ్చి, అంచు మీవైపు తిప్పి మొనదాకా చూడండి. సరైన అంచు మీద వెలుగు నిలవదు. చుక్కలా మెరిసే చోటు ఉంటే అక్కడ మొద్దుబారిందనో చిట్లిందనో అర్థం. ఆన్‌లైన్‌లో వచ్చినదైతే ప్యాకెట్ విప్పేటప్పుడే వీడియో తీసుకోండి. మొన చిట్లి వచ్చిన చాకును వాపసు పంపితే ‘మీరే విరిచారు’ అన్నవాళ్లు నాకు తగిలారు.

తర్వాత పండ్ల పెట్టె మెత్తటి చెక్క మీద నిటారుగా, మామూలు బలంతో, పదిసార్లు గుచ్చి తీయండి. మెలిపెట్టకండి. మళ్లీ లైటు కింద చూడండి. వంగినా, చిట్లినా ఆ రోజే తిరిగి ఇచ్చేయండి.

విరిగిన మొనను దక్కించుకోవడం

మొన పోయిన చాకు పారేయక్కర్లేదు. పొరపాటు ఎక్కడ జరుగుతుందంటే, అంచు వైపు అరగదీసి మొన తెప్పించాలని చూస్తారు. అలా చేస్తే అంచు పైకి వచ్చి, మూసినప్పుడు మొన పిడి బయటికి పొడుచుకొస్తుంది. వెన్ను వైపే అరగదీయాలి. వెన్నును కిందికి వాల్చుతూ, అంచును ఉన్నచోటే ఉంచి, రెండూ కలిసేదాకా గరుకు రాయి మీద రుద్దండి. క్లిప్ పాయింట్ అయినా ఈ దెబ్బతో డ్రాప్ పాయింట్ అవుతుంది, ముందుకంటే మందం మొన వస్తుంది.

సైకిల్ మీద సాన పట్టేవాళ్లకు ఇస్తే పక్కనే నిలబడండి. చక్రం మీద మొన క్షణాల్లో కాగుతుంది, అక్కడ ఉక్కు మరీ సన్నం కదా. పసుపు రంగుకు తిరిగితేనే గట్టిదనం తగ్గడం మొదలైందని అర్థం, నీలం రంగు వస్తే ఆ మొన ఇక మెత్తబడిపోయినట్టే. రెండు సెకన్లు ఆనించాక నీళ్లలో ముంచమనండి, వేలికి చురుక్కుమంటే ఆపమనండి. నాకు ఓపిక ఉంది కాబట్టి రాయి మీదే చేసుకున్నాను, ఒక ఆదివారం మధ్యాహ్నం పట్టింది.

ఆ డీ2 చాకు ఇప్పుడు మూడు మిల్లీమీటర్లు పొట్టిది. లేటరల్ కోతకు దాన్నే వాడుతున్నాను, పదును మాత్రం ఇప్పటికీ దానిదే పైచేయి. సొల్యూషన్ డబ్బా పిడికి ఒక పాత స్క్రూడ్రైవర్‌ను సుతిలితో కట్టేసి ఉంచాను.